వంటింట్లో ఏడు నెలలు

ఆ ఉదయం వరకు ఇబెతోంబికి కూతురి మీద ఏ ఫిర్యాదూ లేదు. పదిహేడేళ్ల తంఫాసనా బాక్సింగ్ ఆడుతుంది. తెల్లారగట్ల పరుగు, వచ్చాక వంటింట్లో తల్లికి సాయం. అందరికీ వడ్డించి తనూ నిండుగా తినేది. తినగానే పెరట్లోకి వెళ్లేది. అజీర్తి అనుకుంది ఇబెతోంబి.

ఆ రోజు థౌబాల్ స్టేడియంలో జట్టు ఎంపిక. పదింటికి తూకం. నలభై ఎనిమిది కిలోలు దాటితే ఇంటికే. పై బరువులో పోటీ ఎక్కువ, కిందికి దిగమన్నాడు గురువు. పిల్ల దిగింది. ఇంకా మూడు వందల గ్రాములు తగ్గాలి. వంటలో తన వంతు ముగించి, చెమట పట్టడానికి ప్లాస్టిక్ కోటు తొడుక్కుని, బుగ్గన పుల్లటి కాయ పెట్టుకుని వసారాలో కూర్చుంది. ఊరిన నీళ్లన్నీ సీసాలోకి ఉమ్ముతోంది.

పొరుగింటి మెమ్చా వచ్చి చూసింది. "అదృష్టమంటే నీదే వదినా. నెలకు ఐదు రోజులు మా పిల్ల వంటింటి గడప తొక్కదు, నా నడుం విరుగుతుంది. నీ కూతురికి సెలవన్నదే లేదు."

ఇబెతోంబి గరిటె ఆగింది. తంఫా చివరిసారి బయట కూర్చున్నదెప్పుడు? దుక్కులప్పుడు. ఇప్పుడు నూర్పిళ్లు కూడా అయిపోయాయి. ఏడు నెలలు. బుద్ధిమంతురాలని మురిసిపోయింది తను.

ముందు పాడు ఆలోచనే వచ్చింది. పిల్లను చూశాక పోయింది. ఆ నడుములో మరొకరు కాదు, తంఫాయే సగం లేదు.

నెలసరి సంగతి మెల్లగా అడిగింది.

"ఆటాడే వాళ్లకు ఆగిపోతుంది ఇమా. అందరికీ అంతే," అంది కూతురు తల్లితో.

ఇబెతోంబి పిల్ల చేయి పట్టుకుంది. వేళ్ల కణుపుల మీద పంటి గాట్లు. నాడి రెండుసార్లు కొట్టి ఒకసారి మరిచిపోతోంది.

ఆటో స్టేడియం ముందు ఆగలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండె పరీక్ష కాగితం రెండుసార్లు చూసింది. తిన్నదంతా వేళ్లు పెట్టి కక్కుకోవడంతో ఒంట్లో లవణాలు పడిపోయి ఉంటాయని, గుండె తడబడుతోందని, నెలసరి ఆగింది కాబట్టి ఎముకలు కూడా పలచబడి ఉండొచ్చని చెప్పింది. దెబ్బ తగలకుండానే రింగులో పడిపోవచ్చట. మొండితనం కాదు, జబ్బు, తిట్టవద్దంది. సెలైన్ పెట్టించింది.

తంఫా సెలైన్ సీసా వైపు చూసింది. "ఇదెంత బరువు?"

"అర కిలో," అంది నర్సు.

పిల్ల చేయి లాక్కోబోయింది. "తూకం అయ్యాక ఎక్కించుకుంటా. ఇరవై నిమిషాలుంది ఇమా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఇబెతోంబి వదల్లేదు. "నన్ను జన్మంతా తిట్టుకో," అంది.

సీసా సగమయ్యేసరికి పది దాటింది. తంఫా గోడవైపు తిరిగింది. చేయి మాత్రం తల్లి చేతిలోనే ఉంచింది.