మేస్త్రి కోసేసిన అతుకు

మా వెల్డింగ్ మేస్త్రి గారు మొన్న పోయారు. "అక్కా, నాన్న పోనాడు" అని ఆయన కూతురు ఫోన్ చేసింది. ఏడుపు రావాల్సింది పోయి నాకు కోపం వచ్చింది. ఆయన చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది మరి. ఇదేం బుద్ధో!

అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి సముద్రంలో దిగుతారు. వాళ్ళని బయటికి తీసే కొత్త పద్ధతులు పరీక్షించడానికి మేమొక నమూనా గది కట్టాం. దాని తలుపు చట్రం మేస్త్రి గారి చేతి పని. వన్ టౌన్ సందులో ఆయన షెడ్డు. ఆటో ఎదురొస్తే మనం గోడకి అంటుకుపోవాల్సిందే. నేను తనిఖీ చేసే ఇంజినీర్ని. అతుకు వేసే రోజు ఆయన టీ ముట్టరు. "అందులో ఎవులు కూకుంతారమ్మా?" అని అడిగేవారు. పేర్లు చెబితేగానీ పని మొదలెట్టరు.

చట్రం అన్ని పరీక్షలూ పాసైంది. మర్నాడు వెళ్తే, అయ్యబాబోయ్, ఆ అతుకుని గ్రైండర్‌తో సగందాకా కోసేసి కూర్చున్నారు!

"మేస్త్రి గారూ, మతి గానీ పోయిందా? అతుకు బాగుందనే పరీక్ష చేసిన మిషన్ చెప్పింది కదా!"

"మిసను లోపల కూకోదు కదమ్మా."

"తప్పేం కనబడింది?"

"ఏటీ నేదు."

మళ్ళీ అతికి ఇచ్చారు. మళ్ళీ పాసైంది. నేను సంతకం పెట్టాను. ముగ్గురు ఆ గదిలో కూర్చుని సముద్రంలో తేలి, నవ్వుకుంటూ బయటికొచ్చారు. బాగున్నదాన్ని ఎందుకు కోశారని ఎన్నిసార్లడిగినా, "ఎల్లెల్లమ్మా, పనుంది" అని తోలేసేవారు.

పరామర్శకి వెళ్ళి కూతుర్ని అడిగాను. తలొంచుకుంది.

"నాన్నకి అప్పటికే సెయ్యి వణికీసేది అక్కా. అతుకేసినపుడు ఒక్క కాడ అదిరిందట. అది మనసులో ఎట్టుకుని కోసీసినాడు. రెండోసారి ఏసింది నాను."

ఆ పిల్లకి వెల్డర్ అర్హత పత్రం లేదు. మనుషులు కూర్చునే గదికి అలాంటి చెయ్యి తగలకూడదు. కాగితం మీద ఆయన పేరు, కింద నా సంతకం. ఈయన్ని మెచ్చుకోవాలా, తిట్టాలా? తన చేతినే నమ్మని మనిషి నాతో ఒక్క మాట అనలేకపోయారా? ఫోటోకి దణ్ణం పెట్టబోయి అలాగే నిలబడిపోయాను.

సోమవారం మళ్ళీ మనుషులు అందులో కూర్చోవాలి. జరిగింది జరిగినట్టు రాసి పైవాళ్ళకి పంపాను. పరీక్ష ఆపేశారు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. పోయినాయన పేరు చెడగొట్టానేమో, అదీ తెలీదు. ఆయన ఉంటే ఏమనేవారో అస్సలు తెలీదు.

నిన్న ఆ గది దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. తలుపు తీసి, చట్రం చుట్టూ వేలితో తడుముకుంటూ వచ్చాను. ఆయన అతుకు ఎక్కడ ఆగిందో, ఆ పిల్లది ఎక్కడ మొదలైందో తెలియలేదు. మళ్ళీ మొదటినించీ తడిమాను.