పూడిపోయిన చెవి కుట్లు

దేనిమీదైనా మనసు పోయిందంటే చాలు, ఆ అక్క చెవి తమ్మె నలుపుకుంటూ "నాకొద్దు ప్రభువా" అనేది. గల్ఫ్‌కొచ్చాక, అబ్బాసియాలో మేం శుక్రవారాలు ప్రార్థన చేసుకునే ఫ్లాట్‌లో పరిచయం. అమలాపురం వైపు మనిషి, సాల్మియాలో ఇంటిపని. బాప్తిస్మం నాడు తీసేసిన కమ్మలు మళ్ళీ పెట్టలేదు. కుట్లు పూడిపోయాయి.

రంజాన్ పండక్కి ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, బంగారు కమ్మలిచ్చింది. "వద్దు మామా, మా దేవుడికిష్టం ఉండదు" అందట అక్క.

"నా చేత్తో ఇచ్చింది నీకు పనికిరాదా? ఖలాస్, మీ ఊరెళ్ళిపో" అని మామా వారం తిరక్కుండా విమానం ఎక్కించేసింది.

ప్రార్థనలో అందరం గొప్ప సాక్ష్యమని చప్పట్లు కొట్టాం. గట్టిగా కొట్టింది నేనే. ఊళ్ళో ఎలా బతుకుతోందో కనుక్కోడానికి ఒక్కరమూ ఫోన్ చేయలేదు.

ఆ ఇంట్లో పనికి నేనే చేరాను. మామా ఆ కమ్మలే నాకిచ్చింది. షుక్రన్ చెప్పి పెట్టుకున్నాను. నా కుట్లింకా పూడలేదు. శుక్రవారం బస్సు అబ్బాసియా చేరేలోపు తీసి పర్సులో దాచేస్తాను. సాక్ష్యం చెప్పమంటే, బోసి చెవి తమ్మె నలుపుకుంటూ ఆ అక్క గురించే చెబుతాను.