పీఠం కింద చిలుక

నంద్యాల పెద్ద చర్చి గురించి రాసేవాళ్లంతా గోపురం ఎత్తు రాస్తారు, కట్టించిన దొరను పొగుడుతారు. రాయి చెక్కినవాడి ఊసే ఎత్తరు. ఏం చదువులో! నేను బడికి పోయినవాణ్ణి కాదు గానీ, కళ్లారా చూసింది చెబుతాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో తెనాలి నుంచి వెళ్లి, నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సు కోసం కాచుకున్నాను. పక్కనే ఆళ్లగడ్డ శిల్పి ఒకాయన, కొత్తగా పెళ్లాడిన భార్య. చనిపోయిన తన తండ్రి ఈ ఊరి చర్చిలో పీఠానికి చిలుకను చెక్కాడని ఆయన, అవన్నీ గొప్పలని ఆమె. ఆ సంగతి తేల్చుకోవడానికి బయల్దేరితే, బస్సు రాలేదు కదా అని నేనూ వెంటపడ్డాను.

గుళ్లోలాగే చెప్పులు బయట విడిచి వెళ్లాం. లోపల బెంచీలు లేవు, జనం కూర్చునేది నేలమీదే. పాదిరి ప్రసంగించే రాతిపీఠం చుట్టూ ముగ్గురం తిరిగాం. తామరపూలున్నాయి, చిలుక లేదు. పాపం, ఆయన ముఖం వాడిపోయింది.

"యాడుంది మీ నాయన చిలక? ఎగిరిపాయనా?" అని నవ్వి, "కాళ్లు నొస్తాండాయి" అంటూ ఆమె పీఠం ముందు చతికిలపడి తలెత్తింది.

"ఓయమ్మా! ఈడుంది సూడు!"

వంగి చూశాను. ముందుకు పొడుచుకొచ్చిన పీఠం అడుగున, జొన్నకంకి తింటున్న చిలుక!

అంతలోనే ఆమె కొంగు సర్దుకుని గబుక్కున లేచి నిలబడింది. "సచ్చిపోయిన మామ ఈడ్నే ఉన్నట్టుండాది. ఆయన ముందర కూసోకూడదు గదా!"

నిలబడితే చిలుక కనబడదు. ఆయన పకపకా నవ్వాడు.

"కూసోమే. మా నాయన చెక్కింది కూసున్నోళ్లకే."