దోమతెర కప్పిన తోట

మా అత్త కుట్టుపని చేసేది. వీధిలో అందరికీ టైలరమ్మ. కుట్టు కాస్త వంకర పోతే మొత్తం విప్పి మళ్ళీ కుట్టే రకం. మనుషుల్నీ అలాగే సరిచేయవచ్చనుకునేది. పెద్దకోడలిని కాబట్టి ఆ విప్పడాలన్నీ ముందు నాకే జరిగాయి. ముద్దుమురిపాలన్నీ మా తోడికోడలి వంతు.

దానికి పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు నెల తప్పింది. ఇంటి చుట్టూ పిల్లులు తిరుగుతాయా అని డాక్టరమ్మ అడిగింది. వాటి పెంటలో ఉండే క్రిమి కడుపులో బిడ్డకు ప్రమాదమనీ, ఆ మట్టి ముట్టుకోవద్దనీ, కాయగూరలు బాగా కడిగి తినమనీ చెప్పింది. పిల్లుల మాట అత్త బాగానే చెవిన వేసుకుంది. కడిగే మాటను మాత్రం పెరట్లో తను పెంచే కూరగాయల తోటకు జరిగిన అవమానంగా తీసుకుంది. మందు కొట్టని పంటను కడగడమేమిటని ఆవిడ వాదన.

ఇక పిల్లుల మీద యుద్ధం మొదలైంది. మెత్తగా తవ్విన మట్టి కనిపిస్తే వాటికి అదే మరుగుదొడ్డి. అత్త కర్ర పట్టుకుని కాపలా కాసింది, నిమ్మతొక్కలు చల్లింది, చెంబులతో నీళ్ళు కొట్టింది. అవి గోడెక్కి కూర్చుని, ఆవిడ అలసిపోయేదాకా చూసి, తీరిగ్గా దిగేవి. చివరికి పాత దోమతెరలు తెచ్చి, పరుపులు కుట్టే సూదితో అతుకులు వేసి, కర్రలకు బిగించి తోటంతా కప్పేసింది. పెళ్ళిబట్టలకైనా అంత శ్రద్ధగా అంచు కుట్టి ఉండదు. అప్పటికే ఉన్న పెంటనంతా గుడ్డపేలికలతో తనే ఎత్తిపోసింది. తోడికోడలిని పెరటి గడప దాటనివ్వలేదు.

తెర పడ్డాక ఆవిడకు ధీమా వచ్చింది. పొద్దున్నే లేత క్యారెట్లు పీకి, మట్టి కొంగుకు తుడిచి, దాని చేతికిచ్చేది. కడిగితే తీపంతా పోతుందనేది. అంత ప్రేమగా పెడుతుంటే అది కాదనలేక తినేది. కడగమన్నందుకు నాతో వారం రోజులు మాటల్లేవు.

ఐదో నెలలో బిడ్డ గుండె ఆగిపోయింది. మరిది ఊళ్ళో లేడు, ఆసుపత్రికి నేనే వెంట వెళ్ళాను. అంతా అయిపోయాక, రక్తపరీక్ష చూసి, తోటలోవి ఏమైనా కడక్కుండా తిన్నావా అని డాక్టరమ్మ అడిగింది. అది నా ముఖం చూసి, క్యారెట్ల సంగతి చెప్పింది. పెంట ఎత్తేసినా ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి ఉంటుందనీ, బహుశా అలాగే సోకి ఉంటుందనీ అంది డాక్టరమ్మ.

ఆటోలో దారంతా ఏడ్చి, మా వీధి మలుపులో కళ్ళు తుడుచుకుంది.

"అత్తయ్యకు చెప్పకు అక్కా. తన చేత్తోనే జరిగిందని తెలిస్తే ఆవిడ బతకదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నీకేమైనా పిచ్చా అన్నాను. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒట్టు వేయించుకుంది.

గుమ్మంలోనే అత్త ఎదురైంది. ఆ క్రిమి వల్లేనని విని, అది ఎలా చేరిందట అని అడిగింది.

"తప్పు నాదే అత్తయ్యా. మీరు లేనప్పుడు ఒకసారి తోటలోకి వెళ్ళాను. మట్టి ముట్టుకున్నాను," అంది తోడికోడలు.



"పిల్లుల్ని ఆపగలిగాను గానీ నిన్ను ఆపలేకపోయాను," అంది అత్త.

ఆ తర్వాత దానికి మళ్ళీ కడుపు పండలేదు. అత్త మాత్రం చాలా ఏళ్ళే బతికింది. దానితో ఒక్క మంచి మాట మాట్లాడలేదు. ఇంటికి ఎవరొచ్చినా, చేజేతులా బిడ్డను పోగొట్టుకున్న కోడలని చెప్పేది. నేను పళ్ళు బిగబట్టి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

చివరికి అత్త మంచం పట్టినప్పుడు సేవంతా అదే చేసింది. అన్నం కలిపి నోటి దగ్గర పెడితే అత్త ముఖం తిప్పుకుని, ముందు చేతులు కడుక్కుని రమ్మనేది. అది లేచి వెళ్ళి, కడుక్కుని వచ్చి, మళ్ళీ పెట్టేది.