మామకు పెట్టిన టకీలా

ఆ రోజుల్లో మందు దొరికేది కాదు గానీ, మందు మీద మాటలు మాత్రం చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఉచితంగా దొరికేవి. మద్యనిషేధం వచ్చిన కొత్త. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల ముందు నిలబడి లోకాన్ని తూర్పారబట్టే నాలాంటి డిగ్రీ నిరుద్యోగికి అంతకంటే కాలక్షేపం ఏముంటుంది? (అప్పటికి నేను జీవితంలో తాగింది రెండు గుటకల కల్లు. అయినా మందు సంగతుల్లో నన్ను మించిన పండితుడు లేడనుకునేవాణ్ణి.) ఆ పాండిత్యమంతా మా మేనమామ పెట్టిన భిక్ష.

మామ ఊరి బయట ఒక మందు కంపెనీలో సరుకు కలిపే పని చేసేవాడు. నిషేధంతో కంపెనీకి తాళం పడింది, మామ ఇంట్లో పడ్డాడు. ఇక రోజూ నాకు వాళ్ళ కంపెనీ అమ్మిన టకీలా అనే విదేశీ మందు మీద పాఠమే. "అల్లుడా, మెక్సికో దేశంల మన కిత్తనార అసొంటి చెట్టు ఉంటది. ఏడెనిమిదేండ్లు పెంచి, ముండ్ల మట్టలన్ని నరికేస్తే నడుమ అనాసపండోలె పెద్ద గడ్డ మిగులుతది. దాన్ని బట్టీల ఉడకబెట్టి, పిండి, రసం పులియబెట్టి, రెండుసార్లు కాస్తరు. అట్లనే సీసాల పోస్తే తెల్లది. చెక్క పీపల కొన్ని నెలలు పెడితే పసుపుది. ఏండ్లు పెడితే ఎర్రగయితది, ధర డబల్ అయితది." అప్పుడు నేను "మరి మీ కంపెనీల?" అని అడగాలి, ఆయన పొట్ట పట్టుకుని నవ్వాలి. "మన దాంట్ల చెట్టు లేదు, పీప లేదు. స్పిరిటు, నీళ్ళు, ఎసెన్సు! కాల్చిన చక్కెర రంగు వెయ్యకుంటే తెల్లది, చెంచా వేస్తే పసుపుది, రెండు చెంచాలేస్తే ఏండ్లనాటి సరుకు. సీసా మీద పెద్ద టోపి, మీసాలోడి బొమ్మ. జనం ఉప్పు నాకి, నిమ్మకాయ కొరికి, వహ్వా అన్నరు పో." నవ్వు అయ్యాక మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "ఒక్కపారి అసలుది తాగి సస్త రా."

తాగకుండానే పోయాడు. కామెర్లు ముదిరి, ఆ ఎండాకాలంలోనే. మూడోనాడు డాబా మీద పిట్టకు పెట్టాం. పోయినాయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి, ముడితే ఆయన తృప్తిగా వెళ్ళినట్టు, ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. మటన్ కూర, బగారన్నం, గ్లాసుడు కల్లు, వెలిగించిన సిగరెట్టు, అన్నీ పెట్టాం. కాకి టీవీ యాంటెన్నా మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది తప్ప దిగదు. అత్తమ్మకు షుగరు. పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "పిట్ట ముట్టేదాకా నా నోట్ల మెతుకు పడది" అని గోడకు ఆనుకుని కూర్చుంది. ఎండ నెత్తికెక్కింది, షుగరు పడిపోయి ఆమె ఎక్కడ కూలుతుందోనని మాకు భయం పట్టుకుంది.

మామ అన్న, మా పెద్దమామ, యాంటెన్నాకు దండం పెట్టి "తమ్మీ, నీ బిడ్డ సదువు నా జిమ్మ, నేను జూసుకుంట" అన్నాడు. కాకి మొహం తిప్పుకుంది. "ఇంకేముండె వాని మనసుల?" అని ఆయన తల పట్టుకుంటే, నేను (నోరు ఊరుకుంటే కదా) "టకీలా" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. డాబా మీది రేకుల గదిలో కిరాయికుండి గ్రూప్స్ పరీక్షలకు చదివే అన్న, మా అందరికీ గ్రూప్స్ అన్న, తలుపు తీసి, "మెక్సికో రాజధాని మెక్సికో సిటీ" అని తన వంతు సాయం చేశాడు.

అత్తమ్మ లేచి కిందికి పోయి, బియ్యం డబ్బా అడుగునుంచి ఒక చిన్న సీసా తెచ్చింది. మీద పెద్ద టోపీ, మీసాల బొమ్మ. "కంపెని మూసిననాడు తెచ్చిండు. డాక్టరు వద్దన్నడని దాచిన. పోయే ముందురోజు గూడ అడిగిండు, ఒక్క గుటక పొయ్యే అని. నేను ఇయ్యలే" అంది. పెద్దమామ సీసా అందుకున్నాడు.

గ్లాసులో పోశాం. ఉప్పు, నిమ్మకాయ కూడా పెట్టాం. కాకి కదల్లేదు. "ఇది నకిలీదని మామకు ఎరుకే గద" అన్నాడు గ్రూప్స్ అన్న. పాయింటే! వెంటనే నేను సైకిలెక్కి, లోయర్ ట్యాంక్ బండ్ వైపు ఒక పాత కంచెలో ఉన్న కిత్తనార మట్టను వట్టి చేతులతో విరిచి తెచ్చి, అసలుదే అని సాక్ష్యంగా గ్లాసు పక్కన పెట్టాను. (ఆ రసం ఒంటికి తగిలితే దురద అని పాఠంలో చెప్పలేదు మామ. మోచేతుల దాకా మంటలే, కళ్ళవెంట నీళ్ళే. పోయినాయన కోసం ఏడుస్తున్నాననుకుని పెద్దమామ నా వీపు నిమిరాడు.) కాకి మట్టను చూసి ఇంకో యాంటెన్నా మీదికి ఎగిరింది.

అప్పుడు అత్తమ్మ విస్తరి దగ్గరికి వచ్చింది. "ఏమయ్యా, నా మీద కోపమేనా? బతకాలనే గదా దాచింది? నువ్వు ముట్టకుంటే మానె, నేనే ముడుత" అని, బొట్టు కూడా తాగి ఎరగని మనిషి, గ్లాసెత్తి గటగటా తాగేసింది. మొహమంతా వంకర్లు పోయింది. "థూ! ఇదా? దీనికోసమా ఇన్నేండ్లు ఆగం చేసినవ్ నన్ను!" అని తిడుతూ తిడుతూనే నవ్వింది, నవ్వుతూనే బావురుమంది. మేమంతా ఆమెను పట్టుకునే హడావుడిలో ఉండగా "ముట్టింది, ముట్టింది!" అని అరిచాడు గ్రూప్స్ అన్న. చూస్తే విస్తట్లో మటన్ ఎముక ఒకటి లేదు, కాకి ఎత్తుకుపోయింది. కల్లుకు వచ్చిందో, కూరకు వచ్చిందో, తిట్లకు వచ్చిందో ఎవరికీ తెలియదు. పెద్దమామ అత్తమ్మ నోట్లో ముద్ద పెట్టాడు.

నా కిత్తనార మట్ట వల్లే కాకి దిగిందని చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను. ఆ మధ్య ఒకసారి అత్తమ్మ, "అసలుది ఎట్లుంటదిరా?" అని అడిగింది. నిషేధం ఎప్పుడో పోయింది, నాకు ఉద్యోగం వచ్చి నెత్తి నెరిసింది. మెక్సికో నుంచి వచ్చిందే, పీపలో ఏళ్ళు పెట్టిందే, కొని తెచ్చాను. మామ ఫోటో ముందు కొంచెం పోసి, మూతెడు తను నోట్లో వేసుకుంది. తర్వాత మూత తుడిచి నా చేతిలో పెట్టి, "మీ మామ కలిపిందే నయముండెరా" అంది. అంత ఖర్చు పెట్టి తెచ్చిన నాకు మనసు చివుక్కుమనాలి నిజానికి. నేనూ ఒక గుటక వేసి, "అవునత్తమ్మా, మామదే నయం" అన్నాను.