శాంతకు ఇవ్వని పిలకలు

కొన్ని బరువులు మోయగా మోయగా అలవాటైపోతాయంటారు. నాది కాలేదు. పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే అది నా ఎదుటే ఉంటుంది. ఆకుల మధ్య నీళ్లు పట్టుకుని, నిండుగా, ఆరోగ్యంగా. దాని ఆరోగ్యమే నన్ను కుంగదీస్తుంది.

పెళ్లికి ముందు నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. గ్యాస్ బండ వచ్చిన రోజు, కుళాయిలో మంజీరా నీళ్లు రాని రోజు, ఏ మొక్క ఎప్పుడు చిగురు వేసిందీ, అన్నీ రాస్తాను. ఈ సంగతి మాత్రం రాయలేదు. దాన్ని నా చేతిరాతలో చూసుకునే ధైర్యం లేకపోయింది. మీరెవరో నాకు తెలియదు. నా ముఖం మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను.

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందుల్లో మా అపార్ట్‌మెంట్. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరయ్యాను. మావారు పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఎదురు ఫ్లాట్‌లో ప్రభుదాస్, అతని భార్య శాంత ఉండేవారు. నాకంటే బాగా చిన్నవాళ్లు. అతను సోమాజిగూడలో ఒక ల్యాబ్‌లో పనిచేసేవాడు. ఆమె కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చునేది. ఇద్దరూ నన్ను అక్కా అనేవారు. అపార్ట్‌మెంట్‌లో ఎవరి మొక్కకు ఏ తెగులు వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. ఆ పెద్దరికం నాకు ఇష్టం. చాలా ఇష్టం. ముందు ఇది ఒప్పుకోవాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

ఒక సాయంత్రం ప్రభుదాస్ పంజాగుట్టలో రోడ్డు పక్కన కొన్న మొక్కను మెట్రోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. బ్రొమీలియాడ్. అనాస మొక్కకు చుట్టం. వెండిరంగు చారలున్న ఆకులు గిన్నెలా అమరి ఉంటాయి. ఆ గిన్నెలోనే నీళ్లు పోయాలి. నా దగ్గర అలాంటిదే అప్పటికి కొన్నేళ్లుగా ఉంది. కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు పాళ్లు చూసి కలిపి, గిన్నెలో పాత నీళ్లు వంపి కొత్త నీళ్లు పోసి, ఎండా నీడా గమనిస్తూ పెంచాను. ఒక్కసారీ పూయలేదు. అతను పొద్దున్నే కీర్తన పాడుకుంటూ చెంబుతో ఇన్ని నీళ్లు పోసి ఆఫీసుకు పోయేవాడు. ఆ చలికాలం అతనిది పూసింది. ముదురు గులాబీ రంగు పూత, మధ్యమధ్య చిన్న నీలిపువ్వులు.

ఫ్లోర్ వాళ్లందరినీ పిలిచి చూపించాడు.

"ఏమక్కా, మీ చెట్టు ఇంకా కోచింగే తీసుకుంటున్నదా? మాది డైరెక్టుగ పాసైంది" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో విషం లేదు, నాకు తెలుసు. అయినా ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఆ పూత నెలల తరబడి ఉంటుంది. అది ఇంకా వాడకముందే ప్రభుదాస్ పోయాడు. గుండెపోటు. అతని శరీరాన్ని ఇంటికి తెచ్చాక శాంత పక్కన కూర్చున్నది నేనే. వంట చేసి పెట్టింది నేనే. అప్పుడు నాలో కల్మషం లేదు. ఉందా? ఇప్పుడు దేనికీ ప్రమాణం చేయలేను.

ఎండాకాలంలో శాంత ఆ కుండీ పట్టుకుని మా తలుపు కొట్టింది. పూత గోధుమరంగుకు తిరిగింది. కింది ఆకుల కొసలు ఎండుతున్నాయి.

"అక్కా, గిది ఇగ బతకదా?"

కుండీ అందుకుని ఆకులు పక్కకు తీసి మొదలు చూశాను. అక్కడ మూడు పిలకలున్నాయి. లేతగా, బొటనవేలంత.

ఆ జాతి లక్షణమే అది. తల్లి ఒక్కసారే పూస్తుంది. ఆ తర్వాత మెల్లగా ఎండుతూ పిలకలకు బలమిస్తుంది. ఎండిన పూతకాడ కోసేసి, తల్లిని కదపకుండా ఉంచి, పిలకలు తల్లిలో మూడో వంతుకు పెరిగాక వేరు చేసుకోవాలి. తల్లి చచ్చిపోతోందని ముందే పారేస్తే అన్నీ పోతాయి. ఇంత వివరం కూడా అక్కర్లేదు. అరటి లాంటిది అంటే చాలు. గెల వేసిన అరటి సంగతి తెలియని వాళ్లెవరు?

నేను ఆకుల్ని మళ్లీ దగ్గరికి చేర్చాను.

"ఇవి ఒకసారి పూస్తే పోతాయి శాంతా. ఇంక లాభం లేదు, పడేసెయ్" అన్నాను.

"ఆయన పోసినట్లే పోసిన అక్కా నీళ్లు. నేను మంచిగ చూడలేదా?"

నీ తప్పేం లేదమ్మా అనాలి. నాలుక చివర ఉంది ఆ మాట.

"మొక్కలకు హస్తవాసి కావాలి. అందరికీ ఉండదు" అన్నాను.

ఎందుకన్నాను? చచ్చిపోయిన మనిషి వేళాకోళానికి బతికున్న భార్య మీద కసి తీర్చుకున్నానా? ఆ పూసే మొక్క నాకు కావాలనుకున్నానా? మొగుడి జ్ఞాపకంగా ఒక మొక్కను అలా పొదివి పట్టుకున్న ఆమెను చూసి, అలాంటిదేదీ నాకు మిగలలేదని ఓర్వలేకపోయానా? ఒక్కో రోజు ఒక్కో జవాబు నిజమనిపిస్తుంది. ఏ జవాబూ నన్ను కాస్త మంచిదాన్ని చేయదు.

మర్నాడు కుండీ గేటు దగ్గర చెత్తడ్రమ్ము పక్కన ఉంది. డ్రమ్ములో వేయడానికి ఆమెకు చేయి రాలేదు కాబోలు. గుడ్డసంచిలో పెట్టుకుని, లిఫ్టులో ఎవరైనా చూస్తారని, మెట్ల మీదుగా పైకి తెచ్చాను. కుండీ మార్చాను. వానలు పడ్డాక పిలకలు వేరు చేశాను. మూడూ బతికాయి. అంత శ్రద్ధగా నేను ఏ మొక్కనూ పెంచలేదు.

శాంత తన బాల్కనీ ఖాళీ చేసింది. కరివేపాకు, పుదీనా, గులాబీ, అన్నీ వాచ్‌మన్ భార్యకు ఇచ్చేసింది. నా చేతిల ఏదీ నిలువదు అని ఎవరితోనైనా నవ్వుతూ చెప్పేది. నా ఎదుట కూడా.

రెండేళ్లకు ఒక పిలక పూసింది. బేగంపేటలో కొన్నానని చెప్పాను. దాని పిలకలు తెలిసినవాళ్లకు పంచాను. శాంతకూ ఒకటి, పిలక అని చెప్పకుండా, కొన్న మొక్కే అన్నట్టు ఇవ్వబోయాను. అది మంచితనమా, మోసానికి మెరుగుపెట్టడమా? ఆమె ఆకును వేలితో నిమిరి, వద్దంది. అచ్చం ఆయన తెచ్చినట్లే ఉంది కానీ ఆయన తెచ్చింది కాదు కదా అంది. ఆయన తెచ్చిందే అని చెబితే తప్ప ఆ మొక్కకు ఆమె దగ్గర విలువ లేదు. ఆ ఒక్క మాటే నేను అనలేను.

తర్వాత నాకు మోకాలి ఆపరేషన్ అయింది. మంచం మీద ఉన్నన్నాళ్లూ శాంతే అన్నం తెచ్చింది, స్నానానికి సాయం పట్టింది. నేను బతిమాలితే భయం భయంగానే మొక్కలకూ నీళ్లు పోసింది. ఒక పొద్దున పూసి అయిపోయిన బ్రొమీలియాడ్‌ను తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. ఆకులు ఎండుతున్నాయి. నా చేయి పడ్డది, పోయింది అంది.

ఇక చెప్పక తప్పలేదు. ఇది అరటి లాంటిది, తల్లి పోతుంది, పిలకలొస్తాయి, మొదలు చూడు అన్నాను. ఆమె ఆకులు పక్కకు తీసి చూసింది. ముఖం విప్పారింది. వేలితో ఆ లేత పిలకను మెల్లగా తాకింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. తలెత్తకుండానే అడిగింది.

"గా ఆయన చెట్టుకు సుత ఉండెనా అక్కా?"

దేవుడు మనిషికి రెండో అవకాశం ఇవ్వడని ఎవరైనా అంటే నేను నమ్మను. నాకిచ్చాడు. నా పక్కనే కూర్చోబెట్టి, నాకు అన్నం పెట్టిన మనిషితోనే, సూటిగా అడిగించాడు.

"లేవు" అన్నాను.

మొదటిది కడుపుమంట. ఇది భయం. నిజం చెబితే రేపటి నుంచి ఆ తలుపు తెరుచుకోదేమో, నాకెవరూ లేరు అని లెక్క చూసుకున్న అబద్ధం. అందుకే దీన్నే పెద్దదిగా ఎంచుతాను. శాంత తలూపింది. దాని నసీబు అంతే అనుకుంటూ గిన్నెలు తీసుకుని వెళ్లింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. మర్నాడూ అన్నం తెచ్చింది.

మొన్న వానాకాలంలో శాంత పోయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. భర్త పక్కనే సమాధి చేశారు. అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. పాస్టర్ గారు మాట్లాడమంటే, సొంత చెల్లెలు లాంటిది అన్నాను. అక్కడున్నవాళ్లు నన్ను పట్టుకుని ఓదార్చారు. ఆ ఓదార్పు కూడా తీసుకున్నాను.

క్షమించగలిగిన మనిషి లేదు. ఇంకెవరైనా క్షమిస్తే అది నాకు చెల్లదు. ఇది చదివి మీరు నన్ను అసహ్యించుకున్నా నేను కాదనను. కానీ ఇన్నేళ్లుగా నాలోనే ఉండిపోయిన ఒక మాట ఉంది. ఆమె అడిగినప్పుడు రావలసిన మాట. వినే మనిషి లేకపోయినా దాన్ని పైకి అని, ఇక్కడ రాసి, కొంచెం ఊపిరి తీసుకుంటాను.

ఉన్నాయి శాంతా. నేను చూశాను.