వేటకు ముందురోజు అన్నీ కొత్తవే

మా ఊరి తుఫాను షెల్టరు మీద ఒక మైకు ఉంది. తెల్లారకముందే అందులోంచి ఒక ఆడగొంతు సముద్రం కబురు చెబుతుంది. గాలి ఎటు, ఎంత జోరు, అల ఎంత ఎత్తు, వేటకు వెళ్ళవచ్చా కూడదా. ఆ గొంతు మనిషిది కాదు. నా కోడలు కంప్యూటర్లో కూర్చోబెట్టిన గొంతు. దాన్ని అక్కడ కూర్చోబెట్టడానికి మేమిద్దరం పడ్డ పాట్లు చెబుతాను. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. అందుకని నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. నా గొంతు బొంగురు. కాగితం మీద అది వినపడదు కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

నా పెనిమిటి పోయిన రోజు గురించి ఎక్కువ చెప్పను. ఆ రోజు ఆయన ఫోనుకు కబురు వచ్చింది. వాతావరణం ఆఫీసు కబురే, తెలుగులోనే. ఆయనకూ చదువు లేదు. రోజూ వచ్చే కంపెనీల గోల అనుకుని ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మొలలో దోపుకుని పడవెక్కారు. గాలికి పడవ తిరగబడితే మిగిలినవాళ్ళు ఈదుకుంటూ వచ్చారు. ఆయన రాలేదు.

తర్వాత కొన్నాళ్ళకు నా కొడుక్కి పెళ్ళి చేశాను. వాడూ అదే సముద్రం మీదకు వెళ్తాడు. కోడలిది ఇచ్ఛాపురం. వాళ్ళమ్మతో ఫోనులో సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడుతుంది. కంప్యూటర్ చదువు చదివి, పెళ్ళికి ముందు పలాసలో ఒక సెంటర్లో పిల్లలకు పాఠాలు చెప్పేది. మామగారి సంగతి ఒకనాడు నన్ను అడిగి తెలుసుకుంది. చేపల పులుసు పొయ్యి మీంచి దించాక అంది.

"అత్తా, కబురు సదివి ఇనిపించడానికి మనిషి నేకపోతే, మిషనుకి నేర్పుదాం."

"మిషను సదువుతాదేటే?"

"సదువుతాది. మైకు షెల్టరు మీద ఉండనే ఉంది కదా."

అలా మొదలుపెట్టింది. పెళ్ళికి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ చాప మీద ముందేసుకుని కూర్చునేది. నేను వల బాగుచేసుకుంటూ పక్కన ఉండేదాన్ని. ఒకరోజు అడిగాను, ఇదంతా నువ్వే రాస్తున్నావా అని. లేదంది. తను రాసేది కొంచెమేనట. మిగిలినదంతా ఎక్కడెక్కడి వాళ్ళో ముందే రాసి పెట్టారట. కబురు తెచ్చేది ఒకరు రాశారు, అంకెలను మాటలుగా మార్చేది ఇంకొకరు, తెలుగు అక్షరాన్ని శబ్దం చేసేది మరొకరు. వాటిని లైబ్రరీలంటారు. కావలసినవాటిని దింపుకుని, ఒకదానికొకటి ముడివేసుకోవడమే ఈ పిల్ల పని.

"ఊరకే ఇచ్చేత్తారేటే?"

"ఊరకే అత్తా."

"ఆళ్ళు మనకేటవుతారు?"

"ఏటీ అవరు. తెలుగు పలికించేదాన్ని ఎవులో సదువుకునే కుర్రోడు రాసీసి వదిలేసినాడు. మళ్ళీ దాని మొకం సూడనేదు."

నాకది వింతగా ఉండేది. ఆ కుర్రాడు ఎవరి కొడుకో, ఏ ఊరో. వాడి కష్టం మా ఇంట్లో చాప మీద ఉంది.

మా వీధిలో ఫోను సిగ్నలు సరిగా ఉండదు. షెల్టరు మేడెక్కితే దొరుకుతుంది. కోడలు ల్యాప్‌టాప్ పట్టుకుని మేడెక్కేది, ఎండ తగలకుండా నేను దుప్పటి పట్టుకునేదాన్ని. ఒక లైబ్రరీని రమ్మంటే అది ఒక్కటీ రాదు. దానికి ఇంకొకటి కావాలి, ఆ రెండోదానికి మరో రెండు కావాలి. ఫోనులో ఆ రోజుకిచ్చిన నెట్టు అయిపోయేది. నా ఫోనుదీ అయిపోయేది. అప్పుడు పక్కింటామె ఫోను అడిగేదాన్ని. ఆమె టెక్కలి సంతకు చేపలు మోసే మనిషి, నాకు వదిన వరస. నోరు ఊరుకోదు.

"ఏటొదినా, నీ కోడలు రోజూ మేడెక్కి ఆకాసంలో ఏటి పట్టుకుంతన్నాది?"

"లైబ్రరీలను పిలుత్తన్నాది."

"అవేటి, సేపలా?"

"సుట్టాలే. ఒకలిని బోజనానికి పిలిత్తే ఇల్లంతా ఎంటేసుకుని వొత్తన్నారు."

"మరి నా ఫోను నెట్టంతా ఆళ్ళే తినేసినారా? ఒక్క సీరియలైనా సూడనేదు నాను!"

తిట్టేది, మర్నాడు మళ్ళీ ఫోను ఇచ్చేది.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపే రోజులు వచ్చాయి. మగవాళ్ళంతా ఒడ్డున ఉన్నారు. అప్పటికి మిషను మాట్లాడుతోంది. కోడలు దాన్ని షెల్టరు మేడ మీది గదిలో పెట్టి ఊరి పెద్దను పిలిచింది. అతను నా మామ వరస. గొంతు విన్నాడు, ఫోనులో కబురు తన మనవరాలితో చదివించి సరిచూశాడు. మీసం దువ్వుకున్నాడు.

"బాగానే ఉంది. కానీ ఊరకే ఒడ్డున కూకున్నప్పుడు ఎవులైనా మాటాడతారు. వేట మొదలెట్టే పొద్దున మాటాడాల. ఆ పొద్దున సరిగ్గా సెప్పినాదంటే ఆ గది నీదే, మైకు నీదే. నేదంటే తీసీసి పాటలెట్టుకుంటాం."

కోడలు సరేనంది. ఆ పొద్దున నా కొడుకూ పడవెక్కుతాడు. మైకు తీసేస్తే మళ్ళీ ఎప్పటిలాగే ఫోను సంచిలో చుట్టుకుని పోవడమే.

వేట మొదలయ్యే ముందురోజు మా ఊళ్ళో పండగే. పడవలకు కొత్త రంగు, ముక్కుకు పసుపు, కొత్త తాడు, వల తేలడానికి కొత్త బెండ్లు. పాత ముక్క ఒకటి కూడా వలకు ఉండనివ్వరు. గంగమ్మకు కోడి. కోడలు మా ఇంటికొచ్చాక ఇదే మొదటిసారి చూడడం. పొద్దున్నే ఒడ్డుకెళ్ళి తిరిగింది. వచ్చి స్నానం చేసి షెల్టరు గదికి వెళ్ళింది. నేను పసుపు, కుంకుమ పట్టుకెళ్ళి మిషనుకు బొట్టు పెట్టాను. తెర మీద ఏవో లైబ్రరీలకు కొత్తవి వచ్చాయని కనపడుతోందట. పిల్లకు సంబరం వేసింది.

"అత్తా, ఊరంతా కొత్తవి కడతన్నారు. నానూ అన్నీ కొత్తవే ఏసేత్తాను."

ఒక్క మాట కొట్టి, ఉన్నవన్నీ ఒకేసారి కొత్తవి చేసేసింది. మేడ మీద సిగ్నలు కూడా ఆ పూట ఎంత బాగుందో. భోజనం వేళకు పూర్తయింది. ఒకసారి మాట్లాడించి చూద్దామని మీట నొక్కింది.

గొంతు రాలేదు. తెర నిండా ఎర్రక్షరాలు.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అవే. పిల్ల ముఖం పాలిపోయింది.

"ఏటైనాదే?"

"తెలుగు పలికించేది పాతది కదత్తా. దాన్ని రాసినవోడు కొత్తది సెయ్యనేదు. అది పాత నంబరు అంకెల లైబ్రరీతోనే పన్జేత్తాది. ఇప్పుడా అంకెల లైబ్రరీ మారిపోనాది. ఇది దాని మొకం గురుతు పట్టనేకపోతన్నాది."

"మరి పాతదే ఎయ్."

"ఏ నంబరుదో గురుతు నేదత్తా, మార్చినప్పుడల్లా దానికి కొత్త నంబరెడతారు. ఒక్కటే మారితే ఎతుక్కుందును. అన్నీ మార్చీసినాను."

ఒకటి తీసింది, ఒకటి వేసింది. ఒకటి కుదిరితే రెండోది చెడింది. ఇంతలో సిగ్నలు కూడా పోయింది. అటు గుడి దగ్గర డప్పులు మొదలయ్యాయి. పిల్ల తల పట్టుకుని కూర్చుంది. నాకు ఆ అక్షరాలూ తెలియవు, ఆ నంబర్లూ తెలియవు. తెలిసింది ఒకటే అడిగాను.

"పాతవి ఇంకెక్కడైనా ఉన్నాయేటే?"

తలెత్తింది. "పలాసలో. ఈ పని మొదలెట్టినప్పుడు సెంటర్‌కెల్లి, అక్కడ మిషను మీదే ముందు కట్టి సూసినాను కదా."

ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాం. జీడితోటలు దాటాక పిల్ల మెల్లిగా అంది, కొత్త బ్యాచ్ వచ్చే ముందు సెంటర్లో మిషన్లన్నీ తుడిచేస్తారని, ఈపాటికి తుడిచేసి ఉంటారేమోనని. నేను గంగమ్మకు మొక్కుకున్నాను. కంప్యూటర్ సంగతి గంగమ్మకు తెలుసో లేదో నాకు తెలియదు, మొక్కుకోవడమే తెలుసు.

సెంటర్లో ఒక మేడం ఉంది. కోడలికి పని నేర్పింది ఆమే. సంగతి విని కళ్ళు పెద్దవి చేసింది.

"రేపు పొద్దున పని పెట్టుకుని ఇయ్యాల అన్నీ మార్చినావా? నీకేటైనా పిచ్చా?"

"మా ఊళ్ళో ఇయ్యాల అన్నీ కొత్తవే కడతారు మేడం."

మేడం నవ్వాపుకోలేకపోయింది. నేనే అడిగాను, "మిషను తుడిసీసినారా అమ్మా?"

"పోయిన వారమే తుడవాల. బద్దకించినాను."

"నీ బద్దకం సల్లగుండ తల్లీ!" అన్నాను. అక్కడ కూర్చున్న పిల్లలందరూ నవ్వారు.

ఆ మిషను తెరిచారు. మీట నొక్కగానే మా గొంతు, అదే గొంతు, పలాస బజారు మధ్యలో మా సముద్రం గాలి ఎంతో చెప్పింది. కోడలు కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. ఇక్కడున్న లైబ్రరీలు ఏ నంబరువో ఒక్కొక్కటీ చూసింది. అవే నంబర్లవి దింపి పెన్‌డ్రైవులో వేసుకుంది, ఊళ్ళో నెట్టు అడగక్కర్లేకుండా. అక్కడ నెట్టు ఎంత జోరో, మా మేడ మీద ఎండలో పడ్డ పని అక్కడ టీ తాగేలోపల అయింది. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఏదో వేరే చోటు చేసింది. ఆటోలో వస్తూ అదేమిటో చెప్పింది.

"మైకు పనికి ఏరే గది కట్టినానత్తా. ఇందులోకి ఈ లైబ్రరీలే, ఈ నంబర్లవే రావాల. ఎంత కొత్తదొచ్చినా గుమ్మం బయటే ఉండాల."

"ఎప్పటికీ పాతవేనేటే?"

"కాదు. పక్కన ఇంకో గది. కొత్తవి ముందు అందులో ఏసి, మాటాడుతాదో నేదో సూత్తాను. మాటాడితేనే ఇటు."

ఊళ్ళోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఒడ్డున నా కొడుకు, ఇంకో ఇద్దరు కొత్త తాడు చుట్టలు చుడుతున్నారు. ఇసుకలో తడి చారలు. కోడలు ఆగింది.

"కొత్త తాడు తడిసినాదేటి?"

"ఎప్పుడో వారం నుంచి నాన్తన్నాది," అన్నాడు వాడు. "నానబెట్టి, లాగి, ఎండేసి, మల్లా నానబెట్టి. అప్పుడే ముడి నిలుత్తాది. ఇయ్యాల కట్టడమే నువ్వు సూసినావు."

పిల్ల ఆ తాడు చేత్తో పట్టుకుని చూసింది. "ముందే సెప్పొచ్చు కదా నాకు," అంది వాడితో. "నువ్వడగనేదు కదా!" అన్నాడు వాడు. దానికి నవ్వొచ్చింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు.

షెల్టరు గదిలో పెన్‌డ్రైవు పెట్టింది. ఒక్కొక్కటే వస్తున్నట్టు తెర మీద అక్షరాలు పైకి జరిగాయి. ఒకచోట ఆగాయి. కోడలు వేలు కొరుక్కుంటూ ఏదో సరిచేసింది, మళ్ళీ కదిలాయి. మీట నొక్కింది. మైకు పెట్టడం మర్చిపోయి గదిలోనే పలికించింది. గొంతు వచ్చింది. నేను గోడకు చేరబడి కూర్చుండిపోయాను.

మర్నాడు తెల్లవారుజామున ఒడ్డంతా జనం. పడవలు నీటి అంచుకు తోసి పెట్టారు. ఊరి పెద్ద చేతులు కట్టుకుని షెల్టరు కేసి చూస్తున్నాడు. మైకు గరగరమంది. తర్వాత ఆ గొంతు, పట్నం పిల్ల మాట్లాడినట్టు అక్షరం అక్షరం నొక్కుతూ, మధ్యాహ్నం దాకా గాలి నెమ్మదిగా ఉంటుందని, తర్వాత జోరెక్కుతుందని, దూరం పోకుండా మధ్యాహ్నంలోగా ఒడ్డుకు చేరుకోమని చెప్పింది.

పక్కింటి వదిన నోరు ఊరుకుంటుందా. "ఎవులే ఈ పట్నం గుంట? మొగుడు లేసినాడో నేదో సూసుకోకుండా పొద్దున్నే మొదలెట్టినాది!"

ఒడ్డంతా నవ్వు. ఊరి పెద్ద చెయ్యెత్తాడు. అందరూ ఆగారు.

"ఇంకోపాలి సెప్పమను," అన్నాడు.

నేను షెల్టరు మేడ కేసి కేక వేశాను, నా బొంగురు గొంతు ఎంత పోతే అంత. గొంతు మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మగవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. దూరం వల సంగతి రేపు చూద్దామని, ఇవాళ దగ్గర్లోనే వేద్దామని. నా కొడుకు పడవ నీటిలోకి తోస్తూ ఫోను కోసం తడుముకోలేదు. వినేశాడు కదా.

ఊరి పెద్ద గది తాళంచెవి తీసి, మేడ దిగి వచ్చిన కోడలి చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి రెండుపాల్లు సెప్పించు. ముసలోళ్ళం, ఒక్కపాలి ఇంటే బుర్రకెక్కదు," అన్నాడు. అటు పక్క ఒడియా పడవ వాళ్ళు కూడా ఈ ఒడ్డుకే వస్తుంటారు, వాళ్ళ మాటలో కూడా చెప్పించగలవా అని అడిగాడు. చెప్పించగలనంది, కాని దానికి వేరే లైబ్రరీలు కావాలి, వాటికి ముందు పక్క గదిలో చోటు చూడాలి, కొన్నాళ్ళు ఆగాలి అంది. అతనికి ఏమర్థమైందో, తల ఊపాడు.

ఎండ నడినెత్తికి రాకముందే పడవలు తిరిగొచ్చాయి. అందరికంటే ముందు మా పడవే. సగం బుట్ట కవళ్ళ చేపలు, అంతే. సగమైతేనేం. నేను పొయ్యి మీద ఎసరు పెట్టి, ఒడ్డుకు ఎదురెళ్ళాను.